థండర్‌బర్డ్, ఔట్‌లుక్ నత్తనడక నడుస్తుంటే: ఫార్మాట్ కొట్టించే ముందు వరుసగా చేయాల్సిన పనులు

"మాస్టారూ, మెయిలు తెరిస్తే సుడి తిరుగుతానే ఉంది. కొత్త కంప్యూటరు కొనీమంటారేటి?" పలాస-కాశీబుగ్గ జీడిపప్పు యూనిట్ల ఆఫీసుల నుంచి, శ్రీకాకుళం ఆడిటర్ల దగ్గర్నుంచి నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ వంతు ఇదే ప్రశ్న. ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబితే ఎవరో ఒకరు మధ్యలో మెట్టు దాటేస్తున్నారు. అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను చూసినంతలో తప్పు చాలాసార్లు కంప్యూటరుది కాదు, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని ఇన్‌బాక్స్‌ది. కాబట్టి డబ్బు ఖర్చయ్యే పని ఇందులో చివరికొస్తుంది. వరుస మార్చకండి.

ఇది విండోస్ మీద నడిచే థండర్‌బర్డ్‌కీ, పాత తరహా 'క్లాసిక్' ఔట్‌లుక్‌కీ రాసింది. కొత్త ఔట్‌లుక్‌లో మెనూలు వేరు. విండోస్‌తో పాటు వచ్చిన 'మెయిల్' అనే యాప్ ఇంకా వాడుతుంటే మాత్రం బాగుచేసే శ్రమ వద్దు. 2024 డిసెంబరు 31తో దానికి మద్దతు ఆగిపోయింది. థండర్‌బర్డ్‌కి మారిపోండి.

1. చెయ్యి పెట్టే ముందు

ఆఫీసు మూశాక, సాయంత్రం పూట పెట్టుకోండి. పెద్ద మెయిల్‌బాక్స్ అయితే రాత్రి వదిలేసి వెళ్లాల్సి రావచ్చు. నెలలో 11, 20 తేదీలకు ముందు రెండు మూడు రోజులు అసలు వద్దు. జీఎస్టీ రిటర్నుల హడావుడిలో మెయిలు ఆగితే తిట్లు మీకే.

తర్వాత కరెంటు. ఈ పనుల్లో కొన్ని గిగాబైట్ల కొద్దీ ఉన్న ఫైలును మొదటి నుంచి చివరి దాకా తిరగరాస్తాయి. మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు సగంలో ఉండిపోవచ్చు. మన జిల్లాలో గాలీవాన సంగతి చెప్పాలా? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చాక ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది. యూపీఎస్ ఉందని ధీమా పడకండి. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు. మెయిలు, ట్యాలీ అన్నీ మూసేసి, ఒకసారి ప్లగ్గు పీకి చూడండి. అయిదు నిమిషాలు నిలబడకపోతే ఈ పని ల్యాప్‌టాప్ మీదైనా చేయండి, లేదా బ్యాటరీ మార్చాకే మొదలుపెట్టండి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది: మీ అకౌంటు పాప్ పద్ధతిలో ఉందా, ఐమ్యాప్ పద్ధతిలో ఉందా తెలుసుకోవడం. థండర్‌బర్డ్‌లో 'అకౌంట్ సెట్టింగ్స్'లోని 'సర్వర్ సెట్టింగ్స్' పేజీ పైనే 'సర్వర్ టైప్' అని ఉంటుంది. ఔట్‌లుక్‌లో 'ఫైల్', 'అకౌంట్ సెట్టింగ్స్' తెరిస్తే అకౌంటు పేరు పక్కన 'టైప్' గడిలో కనిపిస్తుంది. ఐమ్యాప్ అయితే అసలు మెయిళ్లు సర్వర్‌లో ఉంటాయి, మీ దగ్గరున్నది నకలు. పాప్ అయితే మెయిలు దించుకున్నాక సర్వర్‌లో చెరిపేసి ఉండొచ్చు. అప్పుడు అసలూ నకలూ రెండూ మీ కంప్యూటరే.

ఈ తేడా చూడకుండా 'స్లో అయింది కదా' అని ఫార్మాట్ కొట్టేసిన కంప్యూటరు ఒకటి నా దగ్గరికొచ్చింది. పాప్ అకౌంటు. ఆరేళ్ల ఆర్డర్లు, బేరాలు, రేట్లు ఒప్పుకున్న మెయిళ్లు అన్నీ అందులోనే. కంప్యూటరు మాత్రం బ్రహ్మాండంగా పరుగెడుతోంది.

బ్యాకప్ ఇలా తీయండి. థండర్‌బర్డ్‌లో 'హెల్ప్' మెనూ, 'ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్', అందులో 'ప్రొఫైల్ ఫోల్డర్' (మీ మెయిళ్లు, సెట్టింగులు ఉండే చోటు) ఎదురుగా ఉన్న 'ఓపెన్ ఫోల్డర్' నొక్కండి. ఆ ఫోల్డరు తెరుచుకున్నాక థండర్‌బర్డ్ మూసేయండి. టాస్క్ మేనేజర్‌లో దాని పేరు లేదని చూసుకున్నాకే మొత్తం ఫోల్డరును బయటి డిస్క్‌కి కాపీ చేయండి. ఔట్‌లుక్‌లో 'అకౌంట్ సెట్టింగ్స్'లోని 'డేటా ఫైల్స్' వరసకు వెళ్లి 'ఓపెన్ ఫైల్ లొకేషన్' నొక్కితే ఫైలున్న చోటు తెలుస్తుంది. పీఎస్‌టీ ఫైలుంటే, అంటే మెయిళ్లు మీ కంప్యూటరులోనే దాచే ఫైలుంటే, తప్పకుండా కాపీ తీయాలి. ఓఎస్‌టీ ఫైలు సర్వర్‌లో ఉన్నవాటి నకలే.

పెన్‌డ్రైవ్ 64 జీబీ ఉన్నా ఫైలు పెద్దదని ఎక్కించుకోకపోతే కంగారు పడకండి. అది ఫ్యాట్32 పద్ధతిలో ఉంది, ఆ పద్ధతిలో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు. అందులో ఉన్నవి వేరే చోట పెట్టుకుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేయండి.

మొదలుపెట్టే ముందు టిక్కు పెట్టుకోండి:

☐ పాపా, ఐమ్యాపా తెలుసు
☐ బ్యాకప్ తీశాను, బయటి డిస్క్‌లో తెరిచి చూశాను
☐ యూపీఎస్ ప్లగ్గు పీకి పరీక్షించాను
☐ అన్నిటికన్నా పెద్ద ఫోల్డరు ఎంత ఉందో, కనీసం అంత ఖాళీ డిస్క్‌లో ఉంది
☐ మెయిల్ పాస్‌వర్డ్ దగ్గరుంది
☐ పని ముగిసేదాకా ఇంకెవరూ ఈ కంప్యూటరు ముట్టుకోరు

2. ఎక్కడ ఆగుతోందో గడియారం పెట్టి చూడండి

'స్లో' అంటే ఏ పనిలో స్లో అని అడిగితే చాలామంది "అంతా స్లోనే" అంటారు. అంతా కాదు. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి ఒక్కొక్క పని కొలిచి కాగితం మీద రాయండి. బాగుచేశాక మళ్లీ కొలవడానికి ఈ కాగితమే ఆధారం.

- తెరుచుకోవడానికే నిమిషాలు పడుతుంటే: యాడ్-ఆన్‌లు (మెయిల్ సాఫ్ట్‌వేర్‌కి తగిలించిన చిన్న ప్రోగ్రాములు, ఔట్‌లుక్‌లో 'యాడ్-ఇన్స్'), లేదా పాత హార్డ్ డిస్క్. 3, 9 చూడండి.
- తెరుచుకుంది గానీ ఇన్‌బాక్స్ మీద నొక్కితే బిగుసుకుపోతుంటే: ఫోల్డరు బరువు. 4, 5, 6.
- రాస్తుంటే అక్షరాలు వెనకబడి వస్తుంటే: చిత్తుప్రతిని సర్వర్‌లో దాచే పని మధ్యలో అడ్డుతగలొచ్చు. 7.
- వెతికితే ఆలస్యం, లేదా ఉన్న మెయిలు దొరకకపోతే: ఇండెక్స్, అంటే వెతకడానికి సాఫ్ట్‌వేర్ కట్టుకునే పట్టిక. 8.
- పంపేటప్పుడు మాత్రమే ఆలస్యమైతే: జతచేసిన ఫైలు సైజు. 10.

ఆగిన క్షణంలోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. 'డిస్క్' గడి 100 శాతం దగ్గర నిలిచిపోయి, 'సీపీయూ' తీరిగ్గా ఉంటే కంప్యూటరు ఆలోచించడం లేదు, డిస్క్ కోసం ఎదురు చూస్తోంది. 'డిస్క్', 'సీపీయూ' రెండూ ఖాళీగానే ఉండి మెయిలు మాత్రం రాకపోతే నెట్ మీద అనుమానం. ఫోన్ హాట్‌స్పాట్‌కి మార్చి చూడండి. దాంతో పరుగెడితే ఇక్కడితో చదవడం ఆపి, నెట్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేయండి.

3. యాడ్-ఆన్‌లు లేకుండా నడిపి చూడడం

థండర్‌బర్డ్‌లో 'హెల్ప్' మెనూలోని 'ట్రబుల్‌షూట్ మోడ్'. ఔట్‌లుక్‌లో కంట్రోల్ కీ నొక్కిపట్టి గుర్తు మీద డబుల్ క్లిక్ చేస్తే సేఫ్ మోడ్‌లో తెరవమంటారా అని అడుగుతుంది, అవుననండి.

ఇలా తెరిచినప్పుడు వేగం వస్తే దొంగ యాడ్-ఆన్‌లలో ఉన్నాడు. ఔట్‌లుక్‌లో 'ఫైల్', 'ఆప్షన్స్', 'యాడ్-ఇన్స్'కి వెళ్లి, అడుగున 'కామ్ యాడ్-ఇన్స్' ఎదురుగా 'గో' నొక్కి అన్నీ తీసేయండి. తర్వాత ఒక్కొక్కటే పెట్టి చూడండి. అన్నీ ఒకేసారి పెట్టేస్తే ఏది దొంగో తెలియదు. పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్లు, ఫోన్ సింక్ ప్రోగ్రాములు, యాంటీవైరస్‌లు అడక్కుండా దూర్చిన వాటిని మొదట చూడండి.

4. ఇన్‌బాక్స్ బరువు దించడం

ఇన్‌బాక్స్ గుమ్మం లాంటిది. వచ్చిన బస్తాలన్నీ గుమ్మంలోనే వదిలేస్తే లోపలికి ఎవరు నడవగలరు? థండర్‌బర్డ్ మామూలుగా ఒక ఫోల్డరులోని మెయిళ్లన్నిటినీ ఒకే ఫైలులో, ఒకదాని వెనక ఒకటి రాస్తూ పోతుంది. ఫైలు పెరిగేకొద్దీ దాన్ని చదవడం, తిరగరాయడం, యాంటీవైరస్ తనిఖీ చేయడం అన్నీ పెరుగుతాయి. ఔట్‌లుక్ 2010 నుంచి పీఎస్‌టీ, ఓఎస్‌టీ ఫైళ్లకు మామూలు హద్దు 50 జీబీ. కానీ హద్దు దాకా వెళ్లనక్కర్లేదు, పాత హార్డ్ డిస్క్ మీద అందులో నాలుగో వంతుకే ఆయాసం మొదలవుతుంది.

1. ఆర్థిక సంవత్సరం పేరుతో ఫోల్డర్లు పెట్టండి: '2022-23', '2023-24' ఇలా. మన లెక్కలన్నీ ఏప్రిల్ నుంచి మార్చికి కదా, ఆడిటర్ అడిగినప్పుడు అదే వరసలో దొరుకుతాయి.
2. ఇన్‌బాక్స్‌ను తేదీ వారీగా పేర్చండి.
3. పాతవాటిని వెయ్యి, రెండు వేల చొప్పున ఎంచి కదపండి. కంట్రోల్-ఏ కొట్టి 40 వేలు ఒకేసారి లాగితే సాఫ్ట్‌వేర్ గడ్డకట్టుకుపోతుంది, మీరు విసిగి బలవంతంగా మూస్తారు, సగం ఇటు సగం అటు ఉండిపోతాయి.
4. సైజు వారీగా పేర్చి పైనున్న యాభై మెయిళ్లు చూడండి. బస్తాల ఫొటోలు, స్కాన్లు, ఒకే జాబితా పదిసార్లు పంపుకున్నవి అక్కడ దొరుకుతాయి.
5. 'సెంట్' ఫోల్డరునూ వదలొద్దు. అందరూ ఇన్‌బాక్స్ తుడుస్తారు. పంపిన ఫైళ్ల గుట్ట అక్కడే పడి ఉంటుంది.

తరచు జరిగే పొరపాటు: ఐమ్యాప్ అకౌంటులోని మెయిళ్లను 'లోకల్ ఫోల్డర్స్'లోకి లాగితే అవి సర్వర్ నుంచి పోతాయి. మర్నాడు యజమాని ఫోన్లో వెతికితే ఉండవు. ఫోన్లోనూ కావాలంటే పాత సంవత్సరాల ఫోల్డర్లను అదే అకౌంటు కింద పెట్టండి. సర్వర్‌లో జాగా లేక ఇబ్బంది పడుతుంటే మాత్రమే లోకల్‌కి దించండి, దించినవాటికి ఇక బ్యాకప్ బాధ్యత మీదే.

5. కాంపాక్ట్: అందరూ వదిలేసే మెట్టు

మెయిలు 'డిలీట్' చేస్తే పోదు. చిట్టా పుస్తకంలో తప్పు పద్దును గీత కొట్టేసినట్టే. గీత పడింది, కానీ కాగితం అక్కడే ఉంది, పుస్తకం మందం తగ్గలేదు. కాంపాక్ట్ అంటే గీత కొట్టిన పద్దులు వదిలేసి మిగతావి కొత్త పుస్తకంలోకి ఎత్తిరాయడం. అక్షరాలా అదే జరుగుతుంది: థండర్‌బర్డ్ పక్కన కొత్త ఫైలు రాసి, అయ్యాక పాతదాని స్థానంలో పెడుతుంది. ఖాళీ జాగా అడిగింది, యూపీఎస్ అడిగింది ఇందుకే.

కాశీబుగ్గలో ఒక యూనిట్ ఆఫీసులో ఇన్‌బాక్స్ తెరిస్తే మూడు వేల చిల్లర మెయిళ్లున్నాయి. గుమస్తా బాబు శుభ్రమైన మనిషి, అక్కర్లేనివి ఏ రోజుకారోజు చెరిపేస్తాడు. ప్రొఫైల్ ఫోల్డరులో చూస్తే ఇన్‌బాక్స్ ఫైలు 14 జీబీ. "కాంపాక్ట్ చెయ్యమంటారా అని ఎప్పుడూ అడగలేదా?" అన్నాను. "అడుగుతాదండీ. ఏటో పోతాదేమోనని ఎప్పుడూ నో నొక్కీస్తాను" అన్నాడు. ఆ రాత్రి కాంపాక్ట్ పెట్టి వదిలేశాం. పొద్దున్నకి 5 జీబీ లోపుకి వచ్చింది. ఇన్‌బాక్స్ మీద నొక్కితే అంతకుముందు నలభై సెకన్లు, ఇప్పుడు మూడు. రామ్ కొనమని అతనికి ఎవరో చెప్పి పంపిన కొటేషన్ ఇంకా బల్ల మీదే ఉంది.

థండర్‌బర్డ్‌లో:

1. 'ట్రాష్', 'జంక్' ఫోల్డర్లు ఖాళీ చేయండి.
2. ఆల్ట్ కీ నొక్కితే పైన మెనూ వస్తుంది. 'ఫైల్', 'కాంపాక్ట్ ఫోల్డర్స్'. లేదా ఒక్కో ఫోల్డరు మీద కుడి క్లిక్ చేసి 'కాంపాక్ట్'. పెద్ద మెయిల్‌బాక్స్‌కి ఒక్కొక్కటి చేయడమే నాకు నచ్చుతుంది, ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.
3. అడుగు పట్టీలో పని అయినట్టు వచ్చేదాకా ముట్టుకోవద్దు. మెయిళ్లు తెచ్చుకోవడం కూడా వద్దు.

ఔట్‌లుక్‌లో 'డెలిటెడ్ ఐటమ్స్' ఖాళీ చేసి, 'అకౌంట్ సెట్టింగ్స్', 'డేటా ఫైల్స్', ఫైలు ఎంచి 'సెట్టింగ్స్', అందులో 'కాంపాక్ట్ నౌ'. కొన్నిచోట్ల మధ్యలో 'అడ్వాన్స్‌డ్' దాటాలి. ఇది మందకొడి పని, గంటలు పట్టినా చచ్చిపోయిందనుకోకండి.

మధ్యలో కరెంటు పోయిందా? థండర్‌బర్డ్ అయితే ప్రొఫైల్‌లో 'ఎన్-ఎస్-టి-ఎం-పి' అనే అక్షరాలతో మొదలయ్యే సగం ఫైళ్లు మిగలొచ్చు. ముందు ఇన్‌బాక్స్ తెరిచి మెయిళ్లన్నీ ఉన్నాయో లేదో చూడండి. ఉంటే థండర్‌బర్డ్ మూసి ఆ ఫైళ్లు తీసేయొచ్చు. లేకపోతే ఏదీ చెరపకుండా బ్యాకప్ వెనక్కి పెట్టండి.

6. మెయిళ్ల జాబితా పాడైతే

మెయిలు మీద నొక్కితే వేరే మెయిలు తెరుచుకోవడం, ఖాళీగా కనిపించడం, లెక్క తప్పు చూపించడం... ఇవి జాబితా చెడిందనడానికి గుర్తులు. థండర్‌బర్డ్‌లో ఫోల్డరు మీద కుడి క్లిక్, 'ప్రాపర్టీస్', 'రిపేర్ ఫోల్డర్'. ఐమ్యాప్ ఫోల్డరు అయితే మెయిళ్లు సర్వర్ నుంచి మళ్లీ దిగుతాయి కాబట్టి మొబైల్ డేటా మీద చేయకండి.

ప్రొఫైల్‌లోకి వెళ్లి జాబితా ఫైళ్లను చేత్తో చెరిపే చిట్కా చాలామంది చెబుతారు. వద్దు. 'ఇన్‌బాక్స్' పేరుతో పక్కపక్కనే రెండు ఫైళ్లుంటాయి. చివర 'ఎం-ఎస్-ఎఫ్' తోక ఉన్నది జాబితా, తోక లేనిది మెయిళ్లు. తొందరలో తోక లేనిదాన్ని చెరిపినవాళ్లని చూశాను.

ఔట్‌లుక్ పీఎస్‌టీకి ఆఫీస్ ఫోల్డరులోనే మరమ్మతు ప్రోగ్రాము ఉంటుంది. దాని స్పెల్లింగ్ ఎస్-సి-ఏ-ఎన్-పి-ఎస్-టి, అన్నీ కలిపి. ఔట్‌లుక్ మూసి, దాన్ని తెరిచి, మీ ఫైలు చూపించి 'స్టార్ట్' నొక్కండి. తప్పులున్నాయంటే నకలు ఉంచుకునే గడిలో టిక్కు ఉంచే 'రిపేర్' నొక్కండి.

ఔట్‌లుక్ వాళ్లకి ఇంకో మాట. పీఎస్‌టీ ఫైలు 'డాక్యుమెంట్స్'లో ఉండి, ఆ 'డాక్యుమెంట్స్' వన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతూ ఉంటే, మెయిలు వచ్చినప్పుడల్లా వన్‌డ్రైవ్ ఆ ఫైలు వెంట పడుతుంది. ఔట్‌లుక్ మూసి, ఫైలును సి డ్రైవ్‌లో వేరే ఫోల్డరుకి మార్చండి. మళ్లీ తెరిచినప్పుడు ఫైలు ఎక్కడని అడుగుతుంది, కొత్త చోటు చూపించండి. ఆఫీసు నెట్‌వర్క్ డ్రైవ్‌లో పెట్టుకున్నా ఇదే తిప్పలు.

7. సర్వర్ నుంచి ఎంత తెచ్చుకోవాలి

జీమెయిల్ వాడేవాళ్లు 'ఆల్ మెయిల్' ఫోల్డరు చూడండి. ఇన్‌బాక్స్‌లో ఉన్నదీ, లేబుళ్లలో ఉన్నదీ అందులో మళ్లీ ఉంటుంది. అంటే థండర్‌బర్డ్ ఒకే మెయిలును రెండుసార్లు దించుకుని దాస్తోంది. ఆ ఫోల్డరు మీద కుడి క్లిక్, 'ప్రాపర్టీస్', 'సింక్రొనైజేషన్'లో ఆఫ్‌లైన్ టిక్కు తీసేయండి.

అదే అకౌంటు సెట్టింగుల్లో 'సింక్రొనైజేషన్ అండ్ స్టోరేజ్' కింద ఇటీవలి ఇన్ని రోజులవే ఉంచు అని చెప్పొచ్చు. ఔట్‌లుక్‌లో ఎక్స్చేంజ్ లేదా మైక్రోసాఫ్ట్ 365 అకౌంటుకి ఎన్నాళ్ల మెయిళ్లు దగ్గర ఉంచాలో జరిపే మీట ఉంటుంది. ఆఫీసుకి సంవత్సరం చాలు. పాతవి ఎక్కడికీ పోవు, సర్వర్‌లో ఉంటాయి. అయితే నెట్ తరచు పోయే చోట ఈ గడువు మరీ కురచ చేయకండి.

కొత్త మెయిళ్ల కోసం నిమిషానికోసారి చూడమని పెట్టుకుంటే, నాలుగు అకౌంట్లుంటే, సాఫ్ట్‌వేర్‌కి ఊపిరాడదు. థండర్‌బర్డ్ తనంతట తాను పెట్టుకునే 10 నిమిషాలే ఉంచండి.

రాసేటప్పుడు తడబాటుకి: 'కాపీస్ అండ్ ఫోల్డర్స్'లో చిత్తుప్రతులు 'లోకల్ ఫోల్డర్స్'లో దాచమని మార్చండి.

8. వెతుకులాట, యాంటీవైరస్

థండర్‌బర్డ్‌లో వెతకడానికి వేరే డేటాబేస్ ఫైలుంటుంది, ప్రొఫైల్‌లో 'గ్లోబల్ మెసేజెస్ డీబీ' అనే పేరుతో. అది ఉబ్బిపోతే థండర్‌బర్డ్ మూసి ఆ ఒక్క ఫైలు తీసేయండి, తెరవగానే మళ్లీ కట్టుకుంటుంది. కట్టుకునేంత సేపూ కంప్యూటరు ఇంకా స్లో అవుతుంది, అందుకే ఇది సాయంత్రం పని. ఔట్‌లుక్ వెతుకులాట విండోస్ ఇండెక్స్ మీద ఆధారపడుతుంది: కంట్రోల్ ప్యానెల్, 'ఇండెక్సింగ్ ఆప్షన్స్', 'అడ్వాన్స్‌డ్', 'రీబిల్డ్'.

యాంటీవైరస్‌లు రెండుంటే ఒకటి తీసేయండి. ప్రొఫైల్ ఫోల్డరును తనిఖీ నుంచి మినహాయిస్తే వేగం వస్తుంది, కానీ దాంతో ముప్పూ ఉంది. మిగతావేవీ పనిచేయకపోతేనే చేయండి.

9. ఇప్పుడు డిస్క్ సంగతి

ఇంతవరకూ చేశాక కూడా టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 దగ్గరే ఉంటే, 'పర్ఫార్మెన్స్' వరసలో డిస్క్ రకం చూడండి. 'హెచ్‌డీడీ' (పాత తరహా హార్డ్ డిస్క్) అని ఉంటే ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్, వేయించడమే మందు. మెయిలు ఫైలంతా చిన్నచిన్న ముక్కల చదవడాలు, రాయడాలే; తిరిగే పళ్లెం ఉన్న డిస్క్‌కి అదే కష్టం. రామ్ 4 జీబీ ఉంటే 8 చేయించొచ్చు గానీ, ఒక్కదానికే డబ్బుంటే ఎస్‌ఎస్‌డీకే పెట్టండి.

10. మళ్లీ ఉబ్బకుండా

గుట్ట ఎక్కడ తయారవుతోందో చూస్తే చాలా ఆఫీసుల్లో అది స్కానర్ దగ్గరే. ఇన్వాయిస్‌ను 600 డీపీఐలో (స్కాన్ ఎంత సన్నగా ఉండాలో చెప్పే అంకె), కలర్లో స్కాన్ చేసి పంపుతారు. అక్షరాలు చదవడానికి 200 డీపీఐ, నలుపు-తెలుపు సరిపోతుంది. పైగా జతచేసిన ఫైలు మెయిల్లో ప్రయాణించేటప్పుడు మూడో వంతు పెరుగుతుంది: 15 ఎంబీ ఫైలు దాదాపు 20 ఎంబీ అవుతుంది. జీమెయిల్ హద్దు 25 ఎంబీ కదా అని 24 ఎంబీ ఫైలు అటువైపు సర్వర్‌కి తోస్తే తిరిగొచ్చేది అందుకే.

నెలకోసారి, 20వ తేదీ దాటాక:

☐ ట్రాష్, జంక్ ఖాళీ
☐ ఇన్‌బాక్స్, సెంట్ కాంపాక్ట్
☐ బ్యాకప్ కొత్తది
☐ ఇన్‌బాక్స్ తెరుచుకునే సమయం అదే కాగితం మీద, పాత అంకె కింద

స్కానర్ సెట్టింగు మార్చాక దాని పక్కన గోడకి '200, నలుపు-తెలుపు' అని పెద్దక్షరాలతో రాసి అతికించండి. పండక్కి కుర్రాడు సెలవు పెట్టి వేరొకరు కూర్చున్న రోజే అది 600కి వెళ్లిపోతుంది.